మా దుబాసీ పంతులు

మొన్న దంతెవాడ పోయే జీపులో ఒక దొర్ల తెగ ముసలామె డ్రైవర్‌ను వాళ్ళ భాష దొర్లిలో కడిగి పారేసింది. మనుషుల్ని మేకల్లా కుక్కావనీ, తన కోడిపుంజు మీద ఎవడో కూర్చున్నాడనీ, నీ బండి వాగులో పడిపోనూ అనీ నోటికొచ్చినట్టు తిట్టింది. డ్రైవర్‌కు హిందీ తప్ప ముక్క రాదు. ఏమంటోంది అని వెనక్కి తిరిగి అడిగాడు. పక్కనున్న కుర్రాడు గొంతు సవరించుకుని, "అవ్వ జర నెమ్మదిగా నడపమంటోంది భయ్యా" అని హిందీలో చెప్పాడు. జీపంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే మా పంతులు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆయన కూడా సరిగ్గా అలాగే గొంతు సవరించుకునేవాడు.

ఆయనకు పేరుంది గానీ ఊళ్ళో ఎవరూ వాడలేదు, నేనూ ఇప్పుడు వాడను. పంతులంటే ఆయన ఒక్కడే. అప్పటికి మాది బస్తర్ రాజ్యం. భోపాల్‌పట్నం పక్కన మా ఊరు. ఊళ్ళో తెలుగు రైతుల ఇళ్ళు ఒక వైపు, దొర్ల వాళ్ళ ఇళ్ళు ఇంకో వైపు. రాజ్యం వాళ్ళు బడి పెడతామంటే మా నాయిన తన గొడ్ల కొట్టాన్ని శుభ్రం చేయించి ఇచ్చాడు. పంతులు గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. మా ఇంటి బయటి గదిలోనే మకాం. అందుకే బడిలో కనిపించని పంతులు కూడా నాకు తెలుసు. గది గడప దాటాలంటే ముందు తలపాగా చుట్టుకోవాలి, ఆ తలపాగాకు అద్దంలో అటూ ఇటూ చూసుకోవాలి, చంకలో గొడుగు పెట్టుకోవాలి. బడి మా పెరట్లోనే. ఎండ తగిలేంత దూరం కూడా లేదు. అయినా గొడుగు విప్పేవాడు. మా నాయనమ్మ అది చూసి, "పంతులు మా పెరట్లకు వలస పోతున్నడు" అని ముసిముసిగా నవ్వుకునేది.

బుగ్గలో ఎప్పుడూ కరక్కాయ ముక్క ఒకటి ఉండేది. గొంతు పాడవుతుందని ఆయన భయం. పాఠం చెప్పేటప్పుడు అది కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు మారిందంటే ఎవరికో బెత్తం దెబ్బ పడబోతోందని లెక్క. లెక్కల్లో తప్పు చేస్తే ఒక దెబ్బ, బడిలో దొర్లి మాట్లాడితే ఇంకా గట్టి దెబ్బ. మేము తెలుగు పిల్లలం లోపల చాప మీద కూర్చునేవాళ్ళం. దొర్ల పిల్లలు బయట అరుగు మీద. ఆ ఏర్పాటు ఆయన పెట్టింది కాదు, వచ్చేసరికే ఉంది. ఉన్నదాన్ని కదిలించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. అరుగు మీది పిల్లలు పొద్దున్నే వస్తూ వస్తూ ఆయన వంటకు తలా ఒక కట్టెల మోపు తేవాలి. బడి గోడ అలకాలి. ఆ తర్వాతే పలక పట్టాలి. అదీ అంతకుముందు నుంచీ ఉన్నదే.

ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ లచ్చీ. లచ్చి దొర్ల పిల్ల. దాని తల్లి కన్నమ్మకు మొగుడు లేడు. పోడు పొలం తనే చేసుకునేది, అడవికి తనే పోయేది, ఎవరితోనైనా తగాదా వస్తే తనే ఒంటికాలి మీద లేచేది. దొర్ల వాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చేది. కన్నమ్మకు మా అందరికంటే బాగా తిట్టడం కూడా వచ్చేది.

పంతులు అసలు విద్య బడిలో కనిపించేది కాదు, దౌరాలో కనిపించేది. దౌరా అంటే రాజ్యం పెద్ద అధికారి అడవి ఊళ్ళు చూడటానికి రావడం. ఆ దొర వస్తున్నాడంటే ఊరు పది పనుల మీద పడేది. ఆకుల పందిళ్ళు వెయ్యాలి, కోళ్ళూ పాలూ పోగు చెయ్యాలి. దొర కదిలేటప్పుడు ఆయన పెట్టెలూ మంచాలూ గుడారాలూ మోసుకుంటూ దొర్ల ఇంటికొక మనిషి పోవాలి. కూలీ లేదు, తిండి కూడా వాళ్ళదే. దాన్ని బేగారి అనేవాళ్ళు. తెలుగులో వెట్టి. మా తెలుగు ఇళ్ళకు ఆ వెట్టి లేదు. మా నాయిన పాలు పంపి ఊరుకునేవాడు.

దొరకు హిందీ తప్ప రాదు, దొర్ల వాళ్ళకు హిందీ రాదు. మధ్యలో పంతులు దుబాసీ. మా కళ్ళంలో పందిరి కింద దొర కుర్చీలో కూర్చుంటే, పక్కన పంతులు చేతులు కట్టుకుని నిలబడేవాడు. కష్టాలేమైనా ఉన్నాయా అని దొర అడిగేవాడు. ఎవరో ఒకరు లేచి, పోయినసారి పెట్టెలు మోసినోళ్ళకు గంజి గూడ పొయ్యలేదని చెప్పేవారు. పంతులు గొంతు సవరించుకునేవాడు. హుజూర్ పోయినసారి చూపిన దయ మరువలేమంటున్నారు, అనేవాడు. అడవి జవాను ప్రతి ఇంటికీ వచ్చి కోడిని పట్టుకుపోతున్నాడని ఇంకొకరు చెప్పేవారు. మళ్ళీ గొంతు సవరింపు. అడవి వాళ్ళు ఇంటింటికీ వచ్చి యోగక్షేమాలు కనుక్కుంటున్నారట, అనేవాడు. దొర తల ఊపేవాడు. పంతుల దగ్గర హిందీ నేర్చుకున్న మేము నవ్వాపుకోలేక ఒకరినొకరం గిల్లుకునేవాళ్ళం.

మా నాయిన ఒకసారి అడిగాడు కూడా. "ఏంది పంతులూ, వాళ్ళు నిప్పులు పోస్తె నువ్వు పాలు పోస్తున్నవ్?"

"నిజం చెబితే దొరకి కోపమొస్తుందండీ. ఆయనకి కోపమొస్తే దెబ్బ తగిలేది వీళ్ళకే. నేను వీళ్ళని కాపాడుతున్నాను" అన్నాడు పంతులు.

ఆ మాట ఆయన మనసారా నమ్మాడు. అబద్ధమాడేవాడి ముఖం కాదు అది.

మొదటి దెబ్బ ఆయనకు మామిడికాయ వల్ల తగిలింది. ఎండాకాలం మొదట్లో మా నాయనమ్మ పచ్చి కాయలు బుట్టెడు ఇచ్చింది. ఎక్కం తప్పు లేకుండా ఒప్పజెప్పిన వాళ్ళకు ఉప్పద్దిన ముక్క బహుమానం అన్నాడు పంతులు. లచ్చి అరుగు మీద నుంచి గడగడా ఒప్పజెప్పింది. పంతులుకు పట్టరాని సంతోషం వచ్చింది. తనే గడప దాటి వెళ్ళి ముక్క చేతికివ్వబోయాడు. లచ్చి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"పండుం కాలే" అంది.

పండుం అంటే వాళ్ళ పండుగ. కొత్త కాయను ముందు భూమికీ, చనిపోయిన పెద్దలకూ పెట్టి, మామిడి పండుం చేసుకున్నాకనే మనుషులు నోట పెట్టాలి. అంతకు ముందు ఇంట్లో ఒక్కరు తిన్నా ఇంటిమీద తప్పు పడుతుంది. మాకందరికీ తెలుసు. పంతులుకూ చెవిన పడే ఉంటుంది గానీ ఆయన దాన్ని మొండితనం అనుకున్నాడు.

"చదువుకునే పిల్లకి పండుమేమిటి? తిను" అన్నాడు. కరక్కాయ ఎడమ బుగ్గకు మారింది. బెత్తం చేతిలోకి వచ్చింది. లచ్చి ఏడుస్తూ తిన్నది. ఆ నమలడం చూస్తుంటే నా నోట్లో ముక్క నాకు సహించలేదు.

మర్నాడు అరుగు ఖాళీ. దొర్ల పిల్లలు ఒక్కరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కన్నమ్మ ఇంటి మీద తప్పు పడిందని, వాళ్ళ చేతి నీళ్ళు ఎవరూ తాగడం లేదని, పండుంలో వాళ్ళను కూర్చోనివ్వరని మా పాలేరు చెప్పాడు. పంతులు విని లేచి తలపాగా చుట్టుకున్నాడు. అద్దం చూసుకోలేదు. నన్ను తోడు రమ్మన్నాడు. అంతకాలం మా ఊళ్ళో ఉండీ ఆయనకు దొర్ల వాడకు దారి తెలియదు.

కన్నమ్మ తడిక తీయలేదు. అవతలి నుంచే మాట్లాడింది.

"పిల్లని బడికి పంపించవేం?" అన్నాడు పంతులు.

"నీ చేతుల బెత్తం ఉండె. నా పిల్ల నోట్లె మామిడికాయ ఉండె. ఇంకేం అడుగుతవ్ పంతులూ?"

"నాకు తెలియదమ్మా."

"తెల్వదని నా పిల్ల అంటె నువ్వు కొట్టవా?"

అరుగు మీద పిల్లలకు తెలియకపోతే ఆయన ఏం చేసేవాడో అరుగుకూ తెలుసు. పంతులు వెనక్కి తిరిగాడు. తర్వాత పూజారి ఇల్లు ఎక్కడని నన్నడిగాడు. వాళ్ళ పూజారి దగ్గరకు పోయి, తప్పు నాది, నేను కట్టుకుంటాను, ఆ ఇంటిని వదిలెయ్యండి అన్నాడు. పూజారి నెమ్మదైన మనిషి. కోడి ఇస్తే సరిపోదు, తప్పు చేసినవాడు పండుం వరసలో నేలమీద కూర్చోవాలి, మాతో కలిసి తినాలి, అప్పుడే భూమి నిన్ను చూస్తుంది అన్నాడు. కోడి కూత వింటేనే ముఖం తిప్పుకునే పంతులు వెళ్ళి ఆ వరసలో కూర్చున్నాడు. ఆకులో ఏం పెట్టారో, ఏం తిన్నాడో మాకు చెప్పలేదు. ఆ సాయంత్రం మా నాయనమ్మ గుమ్మంలో బిందెడు నీళ్ళతో నిలబడి, పోసుకుంటే గానీ గదిలో అడుగు పెట్టనివ్వనని భీష్మించింది. ఆయన పోసుకోలేదు. మా ఇంటి అరుగు మీదే కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చీకటి పడేదాకా అలా ఉండిపోయాడు. చివరికి నాయనమ్మే విసుగుపుట్టి బిందె లోపలికి తీసుకుపోయింది.

దాంతో ఆయన మారిపోయాడని చెబితే నేనూ గొంతు సవరించుకున్నట్టే. కొన్ని మారాయి. తప్పు తీరి దొర్ల పిల్లలు బడికి తిరిగొచ్చారు, ఈసారి పిల్లలందరూ లోపల చాప మీదే. మా వాళ్ళు కొందరు పిల్లల్ని మాన్పిస్తామన్నారు, మాన్పించారు, మళ్ళీ పంపారు. బడి వదిలాక లచ్చి దగ్గర కూర్చుని దొర్లి నేర్చుకునేవాడు. తప్పు పలికితే లచ్చి పకపకా నవ్వేది. దానికి చదువు కంటే ఈ పనే ఎక్కువ నచ్చింది. కానీ కట్టెల మోపులు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి. పిల్లలు తెస్తున్నారు కదా, తెచ్చుకోనీ అనుకున్నాడేమో. లేదా అది కనిపించనంతగా అలవాటైపోయిందేమో.

ఆ తర్వాతి దౌరాలో కన్నమ్మ లేచింది. ఇంటికొక మనిషంటే ఆ ఇంట్లో మోయాల్సింది తనే. గర్భిణి అయినా, ముసలైనా దొర మనుషులు చూడరనీ, పోయినసారి దారిలో ఒకామె పడిపోతే పెట్టెను లేపారు గానీ ఆమెను లేపలేదనీ చెప్పింది. పంతులు గొంతు సవరించుకున్నాడు. దారులు కాస్త బాగు చేయిస్తే మోసేవాళ్ళకు సుఖంగా ఉంటుందని మనవి చేస్తున్నారు, అన్నాడు. దొర చూద్దామన్నాడు. అయిపోయింది.

దొర వెళ్ళాక కన్నమ్మ కళ్ళంలోనే పంతుల్ని పట్టుకుంది. మూటలు మోసుకుంటూ జగదల్‌పూర్ దాకా పోయి వచ్చిన మనిషి ఆమె. హిందీ మాట్లాడటం రాదు గానీ వింటే తెలుస్తుంది.

"నా మాట నువ్వు దొరకు చెప్పలే. నీ మాట చెప్పినవ్. నా మాట ఏడ పడేసినవ్ పంతులూ?" అని అడిగింది.

"నీ మంచికేనమ్మా" అన్నాడు.

"నా మంచి నేను చూసుకుంట. నువ్వు మాట చేరెయ్. గంతే."

ఆమె కోపంగా కూడా అనలేదు. దారి అడిగిన వాళ్ళకు దారి చెప్పినంత మామూలుగా అంది. పంతులు ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని తినకుండానే లేచాడు. చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మా నాయిన పలకరిస్తే, "నేనిన్నాళ్ళూ వాళ్ళని కాపాడాననుకున్నానండీ. నన్నే కాపాడుకున్నాను" అన్నాడు. మా నాయినకు అర్థం కాలేదు. "పంతులుకు ఎండ దెబ్బ తగిలింది" అని మజ్జిగ పంపించాడు.

మరుసటి ఏడు తొలకరి ముందు దౌరా పడింది. అది వాళ్ళకు విత్తనాల పండుం వేళ. పండుం చేసి, విత్తనాన్ని భూమికి చూపించాకనే చల్లాలి. ఇంటికొక మనిషి దొర వెంట పోతే పండుం ఆగిపోతుంది. ఆగితే విత్తనం గంపలోనే ఉంటుంది. పైన మబ్బు పట్టి ఉంది. ఆ వాన తప్పితే ఆ ఏటి తిండి తప్పినట్టే. దొర్ల వాడలో ఎవరి ముఖాన రక్తం లేదు. పోకపోతే కొడతారు, పోతే పస్తులు.

కళ్ళంలో పందిరి వేశారు. దొర కూర్చున్నాడు. నేను నాయిన వెనక నిలబడ్డాను. కష్టాలేమైనా ఉన్నాయా అన్నాడు దొర. కన్నమ్మ లేచింది.

"పండుం కాలే. విత్తనం ఇంట్లనే ఉన్నది. మబ్బు మా కోసం ఆగుతదా? మీ పెట్టెలకు కాళ్ళు లేవు, మా కాళ్ళే వాటి కాళ్ళు. ఈసారి మేం రాం" అంది.

పంతులు గొంతు సవరించుకున్నాడు. నా పక్కనున్న లచ్చి కళ్ళు మూసుకుంది. ఆయన బుగ్గలోని కరక్కాయ తీసి దూరంగా పారేశాడు. ఆ తర్వాత ఆమె అన్నది అన్నట్టుగా, పెట్టెల కాళ్ళతో సహా, ఈసారి మేం రాం అన్న మాటతో సహా హిందీలో చెప్పాడు. ముందు హుజూర్ లేదు, చివర మనవి లేదు.

మా నాయిన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

కన్నమ్మ ఇంకా కూర్చోలేదు. "మీరొక్కరే కాదు. ఈ బడి పంతులు గూడ. చదువుకని పిల్లల్ని పంపితె వాళ్ళతోటి కట్టెలు మోయిస్తడు, గోడలు అలికిస్తడు. అది గూడ బేగారే" అంది.

ఇది ఆమె ఆయన్ని పరీక్షించడానికి అన్నదో, అది కూడా చెప్పాల్సిందే కాబట్టి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. పంతులు చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత దొర వైపు తిరిగి అదీ చెప్పాడు. కట్టెలు, గోడలు, బేగారి, ఒక్క మాట తగ్గించలేదు.

"ఏ పంతులు?" అన్నాడు దొర.

"ఆ పంతుల్ని నేనే హుజూర్" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎంతోమంది ధైర్యవంతుల్ని చూశాను. తన మీది ఫిర్యాదును తనే అంత స్పష్టంగా అప్పజెప్పిన మనిషిని మాత్రం మళ్ళీ చూడలేదు. దొర ముఖం జేవురించింది. పంట పోతే శిస్తూ పోతుందనుకున్నాడో ఏమో, మా నాయిన వైపు తిరిగి, ఊళ్ళో బండ్లు ఎన్నున్నాయి అని అడిగాడు. ఆ దౌరాకు దొర సామాను మా తెలుగు రైతుల ఎడ్లబండ్ల మీద పోయింది. పండుం జరిగింది, విత్తనం పడింది, వాన పడింది. మా నాయిన మాత్రం అరక కట్టే వేళకు ఎడ్లు లేక ఊగిపోయాడు. మన గది ఇస్తే మన మెడకే చుట్టిండని పంతులుతో మాట్లాడటం మానేశాడు.

పంతులు మర్నాటి నుంచి పిల్లల్ని కట్టెలు తేవద్దన్నాడు. గొడ్డలి అరువు తెచ్చుకుని తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ కట్టెలు కొట్టడం చూడాలి! గొడ్డలి ఒక దిక్కు, మొద్దు ఒక దిక్కు, తలపాగా ఇంకో దిక్కు. అరిచేతులు బొబ్బలెక్కాయి. మా నాయనమ్మ నవ్వీ నవ్వీ చివరికి జాలిపడి వెన్న ఇచ్చింది. అప్పటికి ఆయన మాట కూడా మాలాగే తయారైంది. "ఇదేంది అవ్వా, మొద్దు ఇట్ల ఎగురుతది?" అనేవాడు.

వానలు తగ్గాక భోపాల్‌పట్నం నుంచి జవాను వచ్చి నోటిమాటగా చెప్పిపోయాడు. పంతుల్ని ఇక్కడి నుంచి తీసేశారు, భేజ్జి వైపు అడవిలో కొత్తగా పెట్టే బడికి పోవాలి, వెంటనే. అంటే కంటికి కనబడకుండా పొమ్మని. అప్పటికి అటు మలేరియా జ్వరాలంటే ఊరూరా భయం. నాకు ఏడుపు ఆగలేదు. మా నాయిన బండి ఇస్తాడేమోనని చూశాను. ఆయన ఎడ్లను మేతకు తోలి తనూ వాటి వెంట పోయాడు.

పంతులుకు ఉన్నది ఒక్క రేకు పెట్టె. అందులో పుస్తకాలు, అందుకే బరువు. పొద్దున్నే దొర్ల వాళ్ళు వచ్చి పెట్టె దగ్గర నిలబడ్డారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తలపాగా విప్పి చుట్టకుదురులా చుట్టి, పెట్టె తనే నెత్తికెత్తుకున్నాడు. గొడుగు లచ్చికి ఇచ్చేశాడు. ముందు మెడ వంకరపోయి పంతులు, వెనక చేతులూపుకుంటూ ఊరు. అంతమంది దొర్ల వాళ్ళు బరువు లేకుండా ఆ దారిలో నడవడం ఎవరూ చూసి ఉండరు. నేనూ నాయినకు చెప్పకుండా వెంట పోయాను.

వాగు దగ్గరకు వచ్చేసరికి ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఆగాడు. కన్నమ్మ పక్కనే ఉంది. ఆయన మా ఊరొచ్చిన నాటి నుంచి ఎవరినైనా ఇది చెయ్యి, అది తే అన్నాడే గానీ చెయ్యి సాయం అడగడం నేను వినలేదు. ఇప్పుడు దొర్లిలో అడిగాడు.

"కన్నమ్మా, జర చెయ్యి పడతవా?"

కన్నమ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"ఇప్పుడు గాదు పంతులూ. నాకు బుద్ధి పుట్టినప్పుడు పడత" అంది.

అందరూ కొయ్యబారిపోయారు. పంతులు మాత్రం నవ్వడం మొదలుపెట్టాడు. పెట్టె ఊగిపోయేలా నవ్వాడు. వెనక జనమూ నవ్వారు. పిల్లలెవరైనా ఎక్కం తప్పు లేకుండా ఒప్పజెప్పినప్పుడు కూడా ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. "మంచిది" అని, పెట్టె సర్దుకుని నీళ్ళలో దిగాడు. తడబడుతూ, ఆగుతూ, వాగు మొత్తం తనే దాటాడు.

అవతలి గట్టెక్కాక కన్నమ్మ చీర పిండుకుని, గబగబా ముందుకు నడిచి పెట్టెకు ఒక పక్క చెయ్యి వేసింది.

"ఇప్పుడు పుట్టిందా?" అన్నాడు పంతులు.

"పుట్టింది" అంది.